మీ దరఖాస్తు ఇప్పుడు ఎవరి వంతు?

తాలూకా ఆఫీసులో "మా అమ్మాయి కమ్యూనిటీ సర్టిఫికెట్ ఏమైందండీ?" అని అడిగితే వచ్చే జవాబు మన ఇళ్ళన్నిటికీ పరిచయమే: "ప్రాసెస్‌లో ఉంది." కాలేజీ కౌన్సెలింగ్ నాలుగు రోజుల్లో ఉన్న ఇంటికి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. ప్రాసెస్ అనే పేరుతో ఆఫీసులో ఏ బల్లా లేదు, ఏ మనిషీ లేడు. దరఖాస్తు ఏ పూటకైనా ఎవరో ఒకరి వంతులో ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇవాళ సర్కారు సర్టిఫికెట్ దగ్గర్నుంచి బ్యాంకు లోను, ఇన్సూరెన్సు క్లెయిము, కంపెనీలో సెలవు చీటీ దాకా చాలా పనులు ఒక రకం సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. దాన్ని వర్క్‌ఫ్లో అంటారు. ఒక పని ఎన్ని మెట్లు ఎక్కాలి, ఒక్కో మెట్టులో ఎవరు చూడాలి, చూశాక ఎవరికి పంపాలి అన్నది ముందే రాసిపెట్టుకుని, ఆ ప్రకారం పనిని చేతులు మార్చడమే దాని ఉద్యోగం. అది ఎవరికి పని అప్పగించాలో ఎలా తేల్చుకుంటుంది, ఎక్కడ చిక్కుకుంటుంది అన్నది తెలుసుకుంటే రెండు లాభాలు. సర్టిఫికెట్ కోసమో పట్టా కోసమో ఎదురు చూసేవాళ్ళకు ఏం అడగాలో తెలుస్తుంది. ధర్మపురిలో దుకాణమో, ఫ్యాక్టరీయో, ఆసుపత్రో నడుపుతూ ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనబోతున్న మనవాళ్ళకు ఏం చూసి కొనాలో తెలుస్తుంది.

కాగితం రోజుల్లోనే ఉన్న తెలివి

ఇంట్లో పాత ట్రంకుపెట్టె తీసి తాసిల్దారు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి చూడండి. పైన "న.క." అని ఒక నంబరు, దాని పక్కన సంవత్సరం, చివర "అ3" అనో "ఆ1" అనో ఉంటుంది. ఆంధ్ర వైపు ఉత్తరాల్లో అదే "ఆర్.సి. నంబరు" అయి, చివర "ఏ3", "బి2" అని ఉంటుంది. చాలామంది దాన్ని ఊరికే వేసిన గుర్తు అనుకుంటారు. నిజానికి ఆ ఉత్తరంలో మనకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ చివరి రెండు అక్షరాలే. అక్షరం ఆఫీసులో సెక్షన్‌ను చెబుతుంది, అంకె ఆ సెక్షన్‌లో సీటును చెబుతుంది.

ఇది మద్రాసు రాజధాని కాలం నాటి ఏర్పాటు. టాటెన్‌హామ్ పద్ధతి అని దానికి పేరు. అందుకే తమిళనాడులోనూ ఆంధ్రలోనూ ఆఫీసు కాగితాలకు ఒకటే పోలిక. వచ్చిన ప్రతి తపాలుకూ నంబరు వేసి, ఏ సీటుకు చెందితే ఆ సీటుకు పంచేవారు. ఆ సీటు గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో దాన్ని ఎక్కించుకునేవాడు. కాగితం ఎవరికి వెళ్ళింది, ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నీ అందులో ఉండేవి. పై అధికారి ఆ రిజిస్టరును తెప్పించుకుని ఏది ఆగిందో చూసేవాడు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. కాగితాన్ని ఫలానా సుబ్రమణికో, ఫలానా రామయ్యకో అప్పగించలేదు. సీటుకు అప్పగించారు. సుబ్రమణి సేలంకు బదిలీ అయిపోయినా అ3 ఎక్కడికీ పోదు. రేపు ఆ కుర్చీలో కూర్చునేవాడికి ఆ కాగితాలన్నీ వారసత్వంగా వస్తాయి. ఇవాళ లక్షలు పోసి కొనే సాఫ్ట్‌వేర్‌లో "రోల్" అనే మాటకు అర్థం ఇదే. బిజినెస్ ప్రాసెస్‌ల బొమ్మలు గీయడానికి ప్రపంచమంతా వాడే బి.పి.ఎం.ఎన్. అనే గుర్తుల పద్ధతికి రెండో రూపం 2011లో వచ్చింది. అందులో కూడా ఒక్కో బాధ్యతకు ఒక్కో వరస గీసి, ఆ వరసలో పనులు పెడతారు. ఆ వరసల మీద సాధారణంగా రాసేది మనిషి పేరు కాదు, హోదా పేరు.

పని పంచడానికి ఐదు దారులు

సాఫ్ట్‌వేర్ ఏదైనా పనిని అప్పగించే దారులు ఐదే ఉంటాయి. మిగిలినవన్నీ వీటి కలగలుపులే.

మొదటిది, మనిషి పేరు మీద ఇవ్వడం. చిన్న దుకాణానికి ఇది చాలు. కానీ ఆ మనిషి సెలవు పెట్టినా, ఉద్యోగం మానేసినా పని అతని లాగిన్‌లోనే పడి ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

రెండోది, పైన చెప్పుకున్న కుర్చీకి ఇవ్వడం. మనిషి మారినా పని మారదు.

మూడోది, ఒక బృందానికి కలిపి ఇవ్వడం. పని అందరికీ కనిపించే ఒక వరసలో నిలబడుతుంది, ఖాళీ అయినవాడు దాన్ని తీసుకుంటాడు. వేగంగా సాగుతుంది. చిక్కు ఏమిటంటే, ఎవరికి నచ్చింది వాళ్ళు ఏరుకునే వీలుంటే సులువైనవి చకచకా కదిలి, చిక్కుముళ్ళు ఉన్నవి అడుగున మిగిలిపోతాయి. పదిమంది పని ఎవరి పనీ కాదు. అందుకని మంచి ఏర్పాటులో ముందొచ్చింది ముందు తీయాలనే నియమం పెడతారు.

నాలుగోది, వంతులవారీగా పంచడం. మొదటి దరఖాస్తు మొదటి ఉద్యోగికి, రెండోది రెండో ఉద్యోగికి, అలా తిరిగి మళ్ళీ మొదటికి. లేదా ఎవరి దగ్గర తక్కువ ఉంటే వాళ్ళకు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. అయితే అన్ని దరఖాస్తులూ ఒకే బరువు కావు. అన్నదమ్ముల మధ్య తగాదా ఉన్న ఒక్క పట్టా ఫైలు, మామూలు ఫైళ్ళు ఇరవైకి సమానం. లెక్క పెట్టి పంచే యంత్రానికి ఆ తేడా మనం చెబితే తప్ప తెలియదు.

ఐదోది, నియమాన్ని బట్టి పంచడం. దరఖాస్తులో రాసిన ఊరు, మొత్తం, రకం చూసి ఏ కుర్చీకి వెళ్ళాలో సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. సర్కారు పనులకు ముఖ్యంగా వాడేది ఇదే.

పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్ళినవాళ్ళు వీటిలో మూడింటిని ఒకేచోట చూసి ఉంటారు. టోకెన్ ఇస్తారు. ఏ, బి, సి అని మూడు రకాల కౌంటర్లు. ఏ కౌంటర్లో కంపెనీ ఉద్యోగులు ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. బి కౌంటర్లో సర్కారు ఉద్యోగి పత్రాలు సరిచూస్తాడు. సి కౌంటర్లో అధికారి మంజూరు నిర్ణయం చెబుతాడు. ఏ దశ ఏ హోదాకు అన్నది నియమం. ఆ హోదాలో ఎవరు ఖాళీ అయితే వాళ్ళ కౌంటర్ నంబరు మన టోకెన్ పక్కన బోర్డు మీద వెలుగుతుంది, అది వరస. సరిచూసినవాడూ మంజూరు చేసేవాడూ వేరువేరు మనుషులు కావడం మూడో సంగతి. బ్యాంకుల్లో కూడా ఇదే పద్ధతి: ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు ఒప్పుకోవాలి. తప్పునైనా మోసాన్నైనా ఆపేది ఆ రెండో జత కళ్ళే.

మన సర్టిఫికెట్ నడిచే దారి

ఇప్పుడు మన ధర్మపురి సంగతికి వద్దాం. ఈ-సేవై కేంద్రంలో కమ్యూనిటీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టగానే ఒక నంబరు ఇస్తారు. ఆ క్షణం నుంచే నియమం పని మొదలుపెడుతుంది. జిల్లాలో ఏడు తాలూకాలు: ధర్మపురి, నల్లంపల్లి, పాలక్కోడు, కారిమంగలం, పెన్నాగరం, హరూరు, పాప్పిరెడ్డిపట్టి. మీరు ఇచ్చిన చిరునామాలోని గ్రామాన్ని బట్టి దరఖాస్తు ఆ ఊరి వి.ఏ.ఓ. లాగిన్‌కు వెళుతుంది. అక్కణ్ణుంచి ఆర్.ఐ.కి, ఆ పైన సంతకం చేసే అధికారికి. ఉంటున్న ఇల్లు ధర్మపురి టౌన్లో, రేషన్ కార్డు పాలక్కోడు పల్లెలో ఉంటే, ఏది రాశారో దాన్ని బట్టే దారి మారిపోతుంది.

సంతకం ఎవరిదన్నది మళ్ళీ ఇంకో నియమం. తమిళనాడులో బి.సి., ఎం.బి.సి. సర్టిఫికెట్ మీద డిప్యూటీ తాసిల్దారు హోదా అధికారి సంతకం చెల్లుతుంది. ఎస్.సి. అయితే తాసిల్దారు. ఎస్.టి. అయితే 1989 నవంబరు 11 నుంచి ఆర్.డి.ఓ. లేదా సబ్ కలెక్టర్ స్థాయి అధికారే ఇవ్వాలి. మన జిల్లాలో రెవెన్యూ డివిజన్లు రెండు, ధర్మపురి, హరూరు. అంటే కౌంటర్లో నింపేది ఒకే ఫారమే అయినా, అందులో ఎంచుకున్న ఒక్క గడిని బట్టి దరఖాస్తు ఏ మెట్టు దాకా ఎక్కాలో తేలిపోతుంది.

మన తెలుగు ఇళ్ళకు ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. ఒకటి, కులం పేరు. తమిళనాడు బి.సి. జాబితాలో గవర, గవరై, వడుగర్ పేర్లున్న పద్దుకు పక్కనే, కమ్మ, కాపు, బలిజ, రెడ్డి కాకుండా, అని షరతు ఉంది. ఇంట్లో పలికే పేరు ఒకటి, తాతగారి బడి సర్టిఫికెట్‌లో రాసింది ఒకటి, కంప్యూటర్ ఆపరేటర్ ఎంచుకున్నది ఇంకొకటి అయితే, వి.ఏ.ఓ. పత్రాలతో పోల్చినప్పుడు పొంతన కుదరదు. రెండు, ఇంటిపేరు. మన పెద్దల కాగితాల్లో ముందుండే అక్షరం ఇంటిపేరుది. ఇక్కడి బడుల్లో చదివిన పిల్లల కాగితాల్లో ముందుండే అక్షరం తండ్రి పేరుది. తండ్రి పేరు ఒక కాగితంలో "కె. వెంకటస్వామి", ఇంకో దాంట్లో "ఎం. వెంకటస్వామి" అని ఉంటే వాళ్ళిద్దరూ ఒకరేనని మనకు తెలుసు, కుర్చీలో ఉన్నవాడికి తెలియదు. సందేహం వస్తే అతను దరఖాస్తును ముందుకు తోయడు, వెనక్కి పంపుతాడు లేదా తిరస్కరిస్తాడు. మళ్ళీ సరిచేసి పెట్టినప్పుడు అది ఎక్కిన మెట్లన్నీ తిరిగి ఎక్కవలసి రావచ్చు. పెట్టే ముందే ఆ రెండు పేర్లూ ఒకరివేనని చూపించే పాత సర్టిఫికెట్ ఏదైనా, తండ్రిదో అన్నదో, జతచేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

దారి సరిగ్గా ఉన్నా పని ఆగే సందర్భాలు ఇంకా ఉన్నాయి. వి.ఏ.ఓ. బదిలీ అయి, పక్క ఊరి వి.ఏ.ఓ.కు ఇన్‌చార్జి ఇస్తే, రెండు ఊళ్ళ వరస ఒక మనిషి మీద పడుతుంది. డిజిటల్ సంతకం ఉన్న చోట ఇంకో మెలిక. కుర్చీ ఆఫీసుది, సంతకం మాత్రం మనిషిది. కొత్త అధికారి వచ్చాక ఆయన సంతకాన్ని ఆ లాగిన్‌కు జోడించే దాకా, కింద నుంచి అన్నీ సరిగ్గా ఎక్కి వచ్చిన దరఖాస్తులు కూడా ఆఖరి మెట్టు మీద నిలబడతాయి. కుర్చీలో మనిషి ఉన్నాడు, పని ఉంది, అధికారం ఇంకా చేరలేదు.

ఒక్క కుర్చీ మీద బరువంతా పెడితే

పని అప్పగింత తప్పితే ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి తెలంగాణ భూముల కథ చాలు. అక్కడ 2020 సెప్టెంబరులో వి.ఆర్.ఓ. వ్యవస్థను రద్దు చేశారు. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలుపెట్టారు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, పేరు మార్పు రెండూ ఒకే పూట తహసీల్దారు దగ్గర అయిపోవాలన్నది ఉద్దేశం. రికార్డు శుభ్రంగా ఉన్న రైతుకు అది నిజంగానే వేగంగా అయింది.

చిక్కు రికార్డులో తప్పు ఉన్నవాళ్ళకు వచ్చింది. విస్తీర్ణం తక్కువ పడినా, సర్వే నంబరు రాకపోయినా, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినా, సరిచేసే అధికారం ఎక్కువగా జిల్లా కలెక్టర్ లాగిన్‌కు ఇచ్చారు. మండలంలో తహసీల్దారుకు తప్పు కంటి ముందు కనబడుతున్నా దిద్దే మీట అతని దగ్గర లేదు. జిల్లా మొత్తం నుంచి ఎక్కి వచ్చే పని ఒక్క కుర్చీ ముందు వరస కట్టింది. 2024 మొదటికి పెండింగు దరఖాస్తులు 2.45 లక్షలని లెక్క తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వం ఆ అధికారాలను తహసీల్దారు, ఆర్.డి.ఓ., అదనపు కలెక్టర్, కలెక్టర్ మధ్య రకాన్ని బట్టి పంచుతూ ఆదేశాలిచ్చి, మార్చి 1 నుంచి ప్రత్యేక డ్రైవ్ నడిపింది. తర్వాత చట్టాన్నే మార్చి 2025 ఏప్రిల్ 14న భూభారతిని తెచ్చింది.

ధరణి మీద రాజకీయంగా ఎవరి మాట వారికుంది. మన విషయానికి కావలసింది ఒకటే. 2024 మార్చిలో పని కదలడానికి కొత్త పోర్టల్ రావలసిన అవసరం పడలేదు. ఏ రకం పని ఏ కుర్చీది అన్న నియమాన్ని మార్చడంతో కదలిక మొదలైంది. నమ్మకం లేక అధికారాన్ని పైకి లాగితే మోసం తగ్గుతుందనుకుంటాం. చాలాసార్లు తగ్గేది పనే.

మన సొంత వ్యాపారాల్లో

ఇదే పొరపాటు చిన్న స్థాయిలో మన వ్యాపారాల్లోనూ జరుగుతుంది, అక్కడ కలెక్టర్ స్థానంలో ఉండేది యజమాని. ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అనుకుందాం. సీజన్‌లో తోతాపురి లారీలు గేటు ముందు వరస కడతాయి. తూకం చీటీ, కాయ నాణ్యత, ధర, చెల్లింపు, ఇవీ మెట్లు. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో, కిస్‌ఫ్లో లాంటి కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో ఈ మెట్లను ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. అయితే ప్రతి చెల్లింపుకూ యజమాని ఫోన్‌లోనే ఒప్పుకోవాలని పెడితే, ఆయన తిరుపతిలో పెళ్ళికి వెళ్ళిన రెండు రోజులూ రైతులకు డబ్బు అందదు. కాగితం పోయి ఫోన్ వచ్చినా కాయ తెచ్చినవాడి కష్టం తీరలేదు.

కొనే ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. ఎంత మొత్తం దాకా మేనేజర్ ఒప్పుకోవచ్చు, ఎంత దాటితే యజమాని దగ్గరికి రావాలి? ఒప్పుకునేవాళ్ళు ఊళ్ళో లేకపోతే వారి బదులు ఎవరు, ఎన్ని రోజులకు? ఒక మెట్టులో పని ఎన్ని గంటలు ఆగితే పైవాళ్ళకు కబురు వెళ్ళాలి? తూకం వేసినవాడే చెల్లింపు ఒప్పుకునే వీలు లేకుండా ఉందా? ఈ నాలుగింటికీ జవాబు రాసుకోకుండా సాఫ్ట్‌వేర్ కొంటే, నోటిమాటగా ఉన్న గందరగోళం కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, అంతే.

పనిచేసేవాళ్ళ వైపు నుంచి కూడా ఒకమాట. పని అప్పగించడం అంటే పేరు పక్కన ఒక గడువు తేదీ రాయడంతో అయిపోదు. ఆ పని తేల్చడానికి కావలసిన కాగితాలు చూసే వీలు, ఔను కాదు అనే అధికారం రెండూ ఇవ్వాలి. అవి ఇవ్వకుండా గడువు మాత్రం ఇస్తే ఉద్యోగి చేయగలిగింది ఒకటే, ఏదో ఒక ప్రశ్న రాసి వెనక్కి తోయడం. గడువు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, రిపోర్టులో అంతా పచ్చగానే కనబడుతుంది. బయట నిలబడ్డవాడు మాత్రం నిలబడే ఉంటాడు. కాబట్టి ఎన్ని పనులు పూర్తయ్యాయన్న లెక్కతోపాటు ఎన్ని పనులు ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళాయన్న లెక్క కూడా యజమాని చూడాలి.

ఏమని అడగాలి?

దరఖాస్తు పెట్టిన మనం "ఏమైంది?" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అనే జవాబే వస్తుంది. ప్రశ్న మార్చండి. "ఈ నంబరు ఇవాళ ఏ లాగిన్‌లో ఉంది? అక్కడికి ఏ తేదీన వచ్చింది?" అని అడగండి. ఈ-సేవైలో ఇచ్చిన నంబరుతో ఆన్‌లైన్‌లో స్థితి చూసుకుని, ఆ తేదీ రాసుకుని వెళ్ళండి. వి.ఏ.ఓ. దగ్గర ఉందని తెలిస్తే తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం దండగ, అసలు కాగితాలతో వి.ఏ.ఓ. ఆఫీసుకే వెళ్ళాలి. పై మెట్టులో ఉంటే వి.ఏ.ఓ.ను బతిమాలి లాభం లేదు. ఎవరి వంతు కాదో వాళ్ళను కోప్పడి రావడంలోనే మన రోజులు సగం పోతుంటాయి.

అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజల ఫిర్యాదుల దినం ఉంది, ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100 ఉంది. అర్జీలో "చాలా రోజులుగా ఆలస్యం చేస్తున్నారు" అని రాయడం కన్నా, "ఈ నంబరు దరఖాస్తు ఫలానా తేదీ నుంచి ఫలానా అధికారి లాగిన్‌లో ఉంది" అని రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు. సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల రుసుముతో, దరఖాస్తు ఏ తేదీన ఏ సీటుకు వచ్చి ఏ తేదీన కదిలిందో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత పర్సనల్ రిజిస్టరులో పై అధికారి చూసిన లెక్కే ఇది, ఇప్పుడు మనమూ చూడగలం.

పట్టా అయినా సర్టిఫికెట్ అయినా ఈ జూన్‌లో అవసరం పడేవాళ్ళు ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టుకోండి. పరీక్షల ఫలితాలు వచ్చాక ఊళ్ళోని దరఖాస్తులన్నీ ఒకే వి.ఏ.ఓ. వరసలో నిలబడతాయి. నియమం ఎంత మంచిదైనా ఆ కుర్చీలో కూర్చునేది ఒక్క మనిషే.